సగం చదివిన నవల మీద అభిప్రాయం

ఫాంటసీ పాఠకులు తాము చదువుతున్న నవలల గురించి ఒకరితో ఒకరు ఎప్పటినుంచి మాట్లాడుకుంటున్నారు? ఈ ప్రశ్నకు ఇంగ్లీషు సాహిత్య చరిత్రల్లో దాదాపు ఒకే జవాబు దొరుకుతుంది. 1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రిక పెట్టాడు. ఉత్తరాల కింద పాఠకుల చిరునామాలు అచ్చువేశాడు. వాళ్లు పరిచయాలు పెంచుకుని సంఘాలు పెట్టారు. 1939లో న్యూయార్క్‌లో తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ జరిగింది. 1965లో టోల్కీన్ నవలలు చవక అట్టల్లో రాగానే ఫాంటసీ పాఠకులు వేరుపడ్డారు. ఆ తర్వాత ఇంటర్‌నెట్ వచ్చింది.

ఇందులో తేదీలన్నీ సరైనవే, వాటిని కలిపిన తీరే సరైంది కాదు. ఈ వరస ప్రకారం ఫాంటసీ పాఠకుడు సైన్స్ ఫిక్షన్ పాఠకుడి వెనకాల ఆలస్యంగా వచ్చినవాడు అవుతాడు. అంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. పుస్తకం ముగించాక చెప్పే తీర్పు వేరు, కథ ఇంకా నడుస్తుండగా, ముగింపు తెలియకుండా చెప్పే అభిప్రాయం వేరు. ఈ రెండో రకం మాటే ఫాంటసీ సాహిత్యానికి రచయితలను తయారుచేసిందని నా నమ్మకం. అందుకు ఆధారాలు 1965కి చాలా ముందే, ముఖ్యంగా 1923కీ 1940కీ మధ్య దొరుకుతాయి.

ఆ సంవత్సరాలకు ముందు ఒక సంఘటన ఉంది. ప్రావిడెన్స్ పట్టణంలో హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ అనే యువకుడు బడి చదువు పూర్తికాకుండానే ఇంటిపట్టున ఉండిపోయాడు. 1908లో కథలు రాయడం కూడా మానేశాడు. ‘ఆర్గసీ’ పత్రికను మాత్రం వదలకుండా చదివేవాడు. అందులో ఫ్రెడ్ జాక్సన్ రాస్తున్న ప్రేమకథలు నచ్చక 1913లో పత్రికకు ఘాటుగా ఉత్తరం రాశాడు. జాక్సన్ అభిమానులు ఎదురుతిరిగారు. వాదం పద్యాల్లోకి దిగి మరుసటి ఏడాది దాకా సాగింది. దాన్ని గమనించిన ఎడ్వర్డ్ డాస్ 1914లో లవ్‌క్రాఫ్ట్‌ను ఔత్సాహిక పత్రికల సంఘంలోకి పిలిచాడు. ఆ సంఘంలోని స్నేహితుల ప్రోత్సాహంతోనే అతడు 1917లో మళ్లీ కథలు మొదలుపెట్టాడు. ఇరవయ్యో శతాబ్దపు భయానక సాహిత్యాన్ని మార్చేసిన రచయిత సాహిత్య జీవితంలోకి తిరిగి వచ్చింది ఒక ఉత్తరాల శీర్షిక గుండా.

1923 మార్చిలో ‘వియర్డ్ టేల్స్’ మొదలైంది. దాని ఉత్తరాల శీర్షిక పేరు ‘ది ఐరీ’. ‘అమేజింగ్’ పుట్టడానికి మూడేళ్ల ముందే అక్కడ దెయ్యాలు, మాంత్రికులు, లేని రాజ్యాల కథల మీద పాఠకులు వాదించుకున్నారు. ఆ ఏడాది సెప్టెంబరు సంచికలో లవ్‌క్రాఫ్ట్ ఉత్తరం వచ్చింది. అక్టోబరులో అతడి కథ ‘డాగన్’ అచ్చయింది. ముందు ఉత్తరం, తర్వాత కథ. ఈ వరస ఆ తర్వాత చాలామంది విషయంలో నిజమైంది.

1924 చివర్లో సంపాదకుడైన ఫార్న్స్‌వర్త్ రైట్ ఈ శీర్షికను పత్రికకు గుండెకాయ చేశాడు. గత సంచికలో ఏ కథ నచ్చిందో రాయమని పాఠకులను అడిగేవాడు. ఎక్కువ ఓట్లు వచ్చిన కథ పేరు ప్రకటించేవాడు. ఓటుకోసం కొంతకాలం కూపన్ కూడా వేశాడు. అందుకే కొందరు అభిమానులు ‘వియర్డ్ టేల్స్’ను పాఠకులే నడిపారని రాస్తారు. దాన్ని నేను ఒప్పుకోలేను. లవ్‌క్రాఫ్ట్‌ను పాఠకులు నెత్తిన పెట్టుకున్నా, 1931లో అతడి పెద్ద కథ ‘ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ను రైట్ తిప్పిపంపాడు. అది 1936లో మరో పత్రికలో వచ్చింది. ఓట్లను ప్రమాణంగా తీసుకున్నా చిక్కే. ఆ పత్రికలో అత్యంత జనాదరణ పొందినవాడు సీబరీ క్విన్. అతడి అపరాధ పరిశోధకుడు జూల్స్ డి గ్రాండిన్ మీద తొంభైకి పైగా కథలు వచ్చాయి. ఇవాళ వాటిని ప్రత్యేకాభిరుచి ఉన్నవాళ్లే చదువుతారు. ఓట్లు చెప్పింది ఆ నెల ఇష్టాన్ని మాత్రమే. పైగా ఏ ఉత్తరం వెయ్యాలో, అందులో ఏ వాక్యాలు ఉంచాలో రైటే నిర్ణయించేవాడు. పత్రిక అమ్ముడుపోవాలన్న అవసరం అతడి ఎంపికలో తప్పకుండా ఉంది.

ఈ కారణాలు చూపి ఉత్తరాలకు విలువ లేదనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు చూడవలసిన చోటు వేరే ఉంది. ఉత్తరాలు సంపాదకుణ్ణి మార్చాయా అని కాదు, రాసినవాళ్లను ఏం చేశాయి అని అడగాలి.

1934 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ‘వియర్డ్ టేల్స్’లో రాబర్ట్ ఇ. హోవార్డ్ సీరియల్ ‘ది పీపుల్ ఆఫ్ ది బ్లాక్ సర్కిల్’ మూడు భాగాలుగా వచ్చింది. 1932 డిసెంబరులో తొలిసారి కనిపించిన దాని నాయకుడు కోనన్ అప్పటికి పాఠకులకు ఆరాధ్యుడు. ఆ నవంబరు సంచికలోనే పదిహేడేళ్ల రాబర్ట్ బ్లాక్ ఉత్తరం అచ్చయింది. కోనన్ అంటే తనకు విసుగెత్తిందనీ, ఒకే పోకడ కథలు ఇక చాలనీ దాని సారం. రెండు నెలల తర్వాత, 1935 జనవరిలో, బ్లాక్ సొంత కథ అదే పత్రికలో వచ్చింది. హోవార్డ్ అభిమానులు ఉత్తరాలతో అతడి మీద పడ్డారు. ఆ కుర్రవాడు పారిపోలేదు. పాఠకుడిగా లవ్‌క్రాఫ్ట్‌కు 1933 నుంచే ఉత్తరాలు రాస్తూ, ఆ సలహాలతో రాయడం నేర్చుకుంటున్నాడు. లవ్‌క్రాఫ్ట్ తన ‘ది హాంటర్ ఆఫ్ ది డార్క్’ కథను బ్లాక్‌కే అంకితమిచ్చాడు. 1959లో ‘సైకో’ నవల రాసింది ఈ బ్లాకే.

బ్లాక్ అభిప్రాయం న్యాయమైందా? నా మటుకు నాకు ఆ సీరియల్ కోనన్ కథల్లో ఉత్తమమైన వాటిలో ఒకటి. బ్లాక్ దాని విలువను తక్కువగానే అంచనా వేశాడు. కానీ ఒకే మూసలో కథలు వస్తున్నాయన్న అతడి గమనింపు కొట్టిపారేయదగ్గది కాదు. తప్పు తీర్పులోనూ ఒక రచయితకు కావలసిన చూపు ఉండవచ్చు. ముగింపు తెలియకముందే మాట్లాడే పాఠకుడికి ఆ స్వేచ్ఛ ఉంటుంది. కథ ఎటు పోతుందో, ఎటు పోవాలో ఊహించక తప్పదు కనుక అతడు సగం రచయిత అవుతాడు.

సి.ఎల్. మూర్ ఉదాహరణ కూడా ఇటే చూపిస్తుంది. ఇండియానాపొలిస్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఆమె రాసిన ‘షాంబ్లో’ కథ 1933 నవంబరులో అదే పత్రికలో వచ్చింది. మరుసటి అక్టోబరులో కత్తి పట్టిన నాయిక జిరెల్ మొదటి కథ వెలువడింది. పొడి అక్షరాల పేరు వెనక స్త్రీ ఉందని తెలియని రచయిత హెన్రీ కట్నర్ 1936లో ఆమెను మగవాడనుకుని అభిమానంతో ఉత్తరం రాశాడు. 1940లో వాళ్లు పెళ్లి చేసుకుని కలిసి రాశారు. స్త్రీలు ఈ సాహిత్యానికి కొత్తగా వచ్చారన్న మాట కూడా నిలవదు. ఎరిక్ లీఫ్ డేవిన్ 2006లో వెలువరించిన గ్రంథంలో ‘ది ఐరీ’ ఉత్తరాలను లెక్కించి, రాసిన స్త్రీలు వందల్లో ఉన్నారని తేల్చాడు. మార్గరెట్ బ్రండేజ్ గీసిన నగ్నచిత్రాల ముఖపత్రాల మీద ఆ పేజీల్లో ఏళ్ల తరబడి వాదం నడిచింది.

ఫాంటసీ పాఠకులు వేరుపడడం 1965లో జరిగిందన్న మాటకు నేరుగా ఎదురు నిలిచే సాక్ష్యం మరొకటుంది. 1933 సెప్టెంబరులో చార్లెస్ హార్నిగ్ అనే పదిహేడేళ్ల కుర్రవాడు ‘ది ఫాంటసీ ఫ్యాన్’ అనే చిన్న పత్రిక పెట్టాడు. అందులో ‘ది బాయిలింగ్ పాయింట్’ అనే శీర్షికలో ఫారెస్ట్ జె. అకర్మన్ అనే పాఠకుడు ఒక ఫిర్యాదు చేశాడు. క్లార్క్ ఆష్టన్ స్మిత్ రాసిన అంగారకగ్రహపు భయానక కథ ఒక సైన్స్ ఫిక్షన్ పత్రికలో రావడం అతడి అభ్యంతరం. స్మిత్ తరఫున లవ్‌క్రాఫ్ట్, అతడి మిత్రులు జవాబిచ్చారు. మాటలు ముదరడంతో 1934 ఫిబ్రవరిలో హార్నిగ్ ఆ శీర్షికనే ఆపేశాడు. శాస్త్రం పేరుతో రాసే కల్పన ఎక్కడ ఆగుతుంది, ఫాంటసీ ఎక్కడ మొదలవుతుంది అన్నదే అక్కడి తగువు. అంటే టోల్కీన్ చవక ముద్రణలకు ముప్పై ఏళ్ల ముందే పాఠకులు తమ ఎల్లలు తాము గీసుకుంటున్నారు. ఆ పత్రికను చదివినవాళ్లు కొద్దిమందే. అందువల్ల దీన్ని ఉద్యమమని అనను. కానీ వాళ్లలో రాయగలిగినవాళ్లే ఎక్కువ.

హోవార్డ్ 1936 జూన్ 11న ఆత్మహత్య చేసుకున్నాడు. అతడి చివరి కోనన్ సీరియల్ ‘రెడ్ నెయిల్స్’ ఆ ఏడాది జూలై నుంచి అక్టోబరు దాకా వెలువడింది. 1937 మార్చిలో లవ్‌క్రాఫ్ట్ పోయాడు. 1940లో రైట్ ‘వియర్డ్ టేల్స్’ను వదిలాడు, ఆ ఏడే మరణించాడు. పత్రిక 1954 సెప్టెంబరు దాకా సాగింది. అదే ఏడాది జూలైలో టోల్కీన్ నవల తొలి సంపుటం లండన్‌లో ‘ది ఫెలోషిప్ ఆఫ్ ది రింగ్’ వెలువడింది.

టోల్కీన్ కాలం గురించి ఎందరో రాశారు కనుక ఒక్క మాటే చెబుతాను. రెండో సంపుటం 1954 నవంబరులో, మూడోది 1955 అక్టోబరులో వచ్చాయి. కథానాయకుడు ఫ్రోడో శత్రువుల చేతికి చిక్కిన చోట కథ ఆగి, పాఠకులు పదకొండు నెలలు ఎదురుచూశారు. విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ ఆ నవలను ఈసడించినా పాఠకులు వదలలేదు. 1965లో అమెరికాలో ఏస్ సంస్థ అనుమతి లేకుండా పుస్తకాలు వేసినప్పుడు టోల్కీన్ తనకు రాసిన పాఠకులకే మొరపెట్టుకున్నాడు. వాళ్ల నిరసనతో ఏస్ రాయల్టీ చెల్లించి, మళ్లీ ముద్రించబోమని ఒప్పుకుంది. ఇక్కడ పాఠకుల మాటకు బలం స్పష్టంగా కనిపిస్తుంది.

తర్వాతి తరంలో ఎదురుచూపులు మరీ పొడవయ్యాయి. రాబర్ట్ జోర్డాన్ ‘వీల్ ఆఫ్ టైమ్’ నవలల్లో అస్మోడియన్ అనే పాత్ర 1993 నాటి సంపుటంలో హత్యకు గురవుతుంది. హంతకులెవరో జోర్డాన్ చెప్పలేదు. ఆయన 2007లో మరణించాక మిగిలిన భాగాలు పూర్తిచేసిన బ్రాండన్ శాండర్సన్ 2010లో, అదీ పుస్తకం చివరి పదకోశంలో, జవాబిచ్చాడు. ఆ పదిహేడేళ్లూ పాఠకులు ప్రతి వాక్యాన్నీ వడపోసి వాదించారు. అంత శ్రద్ధగా చదివించడం కన్నా ఏ నవలకైనా ఏం కావాలి?

ఇప్పటి పరిస్థితి నాకు అంత సంతోషం కలిగించడం లేదు. ఇవాళ అభిప్రాయం ఎక్కువగా నక్షత్రాల రూపంలో వస్తోంది. 2007లో మొదలైన గుడ్‌రీడ్స్‌ను 2013లో అమెజాన్ కొనేసింది. పుస్తకం విడుదల కాకముందే దానికి మార్కులు పడుతున్నాయి. 2023 డిసెంబరులో ఒక కొత్త ఫాంటసీ రచయిత్రి మారుపేర్లతో తోటి రచయితల పుస్తకాలకు తక్కువ నక్షత్రాలు వేసినట్టు బయటపడి, ఆమె నవలనే ప్రచురణకర్త రద్దు చేశాడు. ఆమె ఒక్కరి తప్పుగా దీన్ని తీసిపారేయకూడదు. కారణం చెప్పకుండా ఒక అంకె వెయ్యనిచ్చే పద్ధతిలోనే ఆ అవకాశం ఉంది. బ్లాక్ కోనన్‌ను తిట్టినప్పుడు కారణం రాయాల్సి వచ్చింది, కింద సంతకం పెట్టాల్సి వచ్చింది, ఎదుటివాళ్ల జవాబు చదవాల్సి వచ్చింది.

అలాగని పాతకాలమంతా బంగారమని అనను. లవ్‌క్రాఫ్ట్ రాతల్లోని జాతివివక్షను నిలదీసింది ఇప్పటి పాఠకులూ రచయితలే. వాళ్ల పట్టుదల వల్లే 2015లో వరల్డ్ ఫాంటసీ అవార్డు అతడి ముఖం ఉన్న ప్రతిమను విడిచిపెట్టింది. గుంటూరులో ఒక నవల సగంలో ఉన్న అమ్మాయి బోస్టన్‌లో అదే పేజీ మీదున్న అమ్మాయితో అదే రాత్రి మాట్లాడగలగడం చిన్న విషయం కాదు. నా అభ్యంతరం అంకెల మీదే, ఆ సంభాషణల మీద కాదు.

పత్రికల్లోని కథలు పుస్తకాలుగా మళ్లీ మళ్లీ వచ్చాయి. ఉత్తరాలు అలా రాలేదు. చరిత్ర పలచబడడానికి ముఖ్య కారణం ఇదే. మన దగ్గరా ఇదే జరిగింది. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘మకర దేవత’ వంటి సీరియల్స్ రచయిత పేరు లేకుండానే వచ్చి, పిల్లల చేత నెలల తరబడి ఊహలు చేయించాయి. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ మూఢనమ్మకాలను పెంచుతుందా అన్న వాదం రేగింది. ఆ నవలలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. వాటిని వారం వారం, నెల నెలా చదివినవాళ్లు ఏమనుకున్నారో చెప్పే పేజీలు మాత్రం కష్టంగా దొరుకుతాయి. మనవాళ్లు సీరియల్ కాగితాలు చింపి బైండు చేయించుకుని, మిగతా పత్రికను పాత కాగితాలవాడికి వేశారు.

కాబట్టి పాత వారపత్రికలు, మాసపత్రికలు నిండు సంచికలుగా ఇంకా దాచుకున్నవాళ్లకు నా మనవి: వాటిని విడదీయకండి. గ్రంథాలయానికి ఇచ్చేటప్పుడు, స్కాన్ చేయించేటప్పుడు, పాఠకుల ఉత్తరాల పేజీలను కూడా తప్పకుండా చేర్పించండి.