సగం బొమ్మకు చోటిచ్చిన పలక

సగంలో ఉన్న బొమ్మను నలుగురి ముందు పెట్టి ఏం మార్చమంటారని అడిగే చిత్రకారుణ్ని చూసి ఎంత వినయమో అని మెచ్చుకుంటాం. నిజానికి ఆ అడగడానికి వినయం కంటే ముందు కావలసింది చెరపడానికి వీలున్న చోటు. దిద్దుబాటుకు ఖర్చు లేనిచోట మనిషి సగం పనిని ధైర్యంగా చూపిస్తాడు. దిద్దబోతే సరుకే పాడయ్యేచోట పని పూర్తయ్యేదాకా దాచుకుంటాడు. అందుకే ఈ అలవాటు చరిత్రను రాజాస్థానాల చిత్రశాలల్లో వెతకడం కంటే మార్కాపురం పలక గనుల దగ్గర వెతకడం మేలని నా వాదన.

నల్లమలకూ వెలికొండలకూ నడుమ ఉన్న ఈ నేల కింద పొరలు పొరలుగా రాయి ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరల వరసకు దగ్గరి ఊరు కంభం పేరే పెట్టారు. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న మెత్తని మట్టి, యుగాల ఒత్తిడికి గట్టిపడి పలకరాయి అయింది. దాని గుణమంతా చీలడంలో ఉంది. ఉలి అంచును పొర వెంట ఆనించి సుత్తితో తడితే రాయి పగలదు, రేకుగా విడివడుతుంది. ఆ రేకును కొలతకు కోసి, నునుపు చేసి, నాలుగు వైపులా చెక్క చట్రం బిగిస్తే బడిపిల్లల పలక. రాయి బలపం పొడిని పీల్చుకోదు, పైపైనే నిలుపుకుంటుంది. తడిగుడ్డ తగిలితే గీత పోతుంది, రాయి మాత్రం అలాగే ఉంటుంది. పిల్లవాడు గీసిన ఏనుగుకు తొండం పొట్టిదైందని పక్కవాడు అంటే, తొండం ఒక్కటే తుడిచి మళ్లీ గీయవచ్చు. కాగితం కొనలేని ఇళ్లకు ఈ వెసులుబాటు మామూలు సంగతి కాదు. ఈ రాతిని తవ్వినవాళ్లూ కోసినవాళ్లూ ఆ ధూళిని ఊపిరితిత్తుల్లోకి పీల్చుకుంటూ పనిచేశారన్నది కూడా ఈ చరిత్రలో భాగమే. పలకను పొగిడేటప్పుడు వాళ్లను మరిచిపోకూడదు.

రాతిపలక రాకముందు మనవాళ్లకు చెరిపి రాయడం తెలియదా అని అడగవచ్చు. బాగా తెలుసు, దానికి గట్టి సాక్ష్యమే ఉంది. మార్కాపురం, కంభం ప్రాంతం 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాల్లోది. ఆ దత్తమండలాల్లోదే అయిన బళ్లారిలో కలెక్టరుగా ఉన్న ఏ.డి. క్యాంప్‌బెల్, అంతకుముందే తెలుగు వ్యాకరణమూ నిఘంటువూ రాసిన మనిషి, 1823లో వీధిబడుల మీద మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. పిల్లలు మొదట ఇసుకలో వేలితో దిద్దుతారనీ, తర్వాత అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉండే చెక్క పలక మీద రాస్తారనీ అందులో ఉంది. ఆ చెక్కకు అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూసేవారు. గంజి పెట్టిన గుడ్డను పుస్తకంలా మడిచి, బొగ్గూ జిగురూ పట్టించిన కడితం కూడా వాడేవారు. రెండింటి మీదా రాత బలపంతోనే, తుడుపు తడిగుడ్డతోనే. ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు నేర్పే పద్ధతిని క్యాంప్‌బెల్ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు, ఇంగ్లండు కూడా దాన్ని అనుకరించిందన్నాడు. అంటే చెరిపే పలకా, తోటివాడి దిద్దుబాటూ ఒకే అరుగు మీద కలిసి పెరిగాయి. మార్కాపురం రాయి ఆ పాత అలవాటుకు పూత పెట్టుకోనక్కరలేని, ఏళ్ల తరబడి నిలిచే చోటు ఇచ్చింది.

అదే బడిలో పెద్ద పిల్లలు తాటాకు పట్టేవారు, అక్కడ నీతి మారిపోతుంది. గంటంతో గీరిన అక్షరం ఆకులోకి దిగుతుంది, మసి పూస్తే ఇక చెరగదు. అందుకే తాళపత్ర గ్రంథాల చివర లేఖకుడు తప్పులుంటే మన్నించమని చదువరిని వేడుకుంటాడు. పని ముగిశాక మిగిలేది క్షమాపణే కదా! బొమ్మల్లో ఈ తేడా ఇంకా తేటగా కనిపించేది శ్రీకాళహస్తి కలంకారీలో. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద ముందు కాల్చిన చింతపుల్ల బొగ్గుతో రూపం గీస్తారు. ఆ దశలో చేయి కుదరకపోతే, చూసినవాళ్లకు నచ్చకపోతే, గుడ్డతో దులిపితే చాలు. తర్వాత కలం పట్టి కసిమితో గీస్తారు. బెల్లమూ తుప్పు ఇనుమూ నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవమది. అందులోని ఇనుము గుడ్డలోని కరక్కాయ వగరుతో కలిసిన క్షణంలో గీత నల్లబడి నూలులో స్థిరపడుతుంది. ఎన్ని ఉతుకులైనా పోదు. కాబట్టి సలహా అడిగే కాలం బొగ్గుకూ కసిమికీ మధ్య ఉన్న ఆ కాసేపే. చేసే మనిషి ఒక్కడే, స్వభావమూ ఒక్కటే. బొగ్గు దగ్గర వినేవాడు కసిమి దగ్గర వినలేకపోతున్నాడంటే కారణం అహంకారం కాదు, ఇనుము.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, పలక మీద దిద్దుబాటు పిల్లవాడు కోరుకున్నది కాదు, పంతులు బెత్తంతో రుద్దినది అని. చాలామటుకు నిజమే. వీధిబడి శిక్షల క్రూరత్వాన్ని దాచాల్సిన పని లేదు. కానీ బెత్తం తాటాకు దగ్గరా ఉంది, పలక దగ్గరా ఉంది. తాటాకు మీది తప్పు దండనతో ఆగిపోయేది, పలక మీది తప్పుకు రెండో గీత దక్కేది. ఆ రెండో గీత ఉన్నందువల్లనే తోటి పిల్లవాడి మాటకు విలువ వచ్చింది. రెండోది ఇంతకంటే బలమైనది: చేర్యాలలో కథల పటాలు గీసే నకాశీలకు ఏ పలకా లేదు, అయినా గజాల కొద్దీ సాగే వాళ్ల పటాలు ఇతరుల మాట మీదే తయారయ్యేవి గదా అని. మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారికో, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకి పడగలవారికో పటం కట్టేటప్పుడు ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో చెప్పే హక్కు కథకులదే. అయితే అక్కడ సలహా ఇచ్చేవాడు పటాన్ని కొనుక్కుని, దాన్ని చూపిస్తూ బతికేవాడు. అది ఒప్పందంలో భాగం, అడక్కపోతే పటం అమ్ముడుపోదు. ఏ లావాదేవీ లేనివాణ్ని, దారినపోయేవాణ్ని కూడా సగం బొమ్మ చూడమనగలగడం వేరే సంగతి. దానికి చెరిపే ఖర్చు సున్నాకు దగ్గరగా ఉండాలి. నకాశీల పటం నా వాదనను కొట్టేయదు, దాని హద్దును చూపిస్తుంది.

పలకకు ఒక లోటు ఉంది, చరిత్రకారుడికి అది పెద్ద లోటే. ఎవరు ఏం చెప్పారో, ఏ గీత మారిందో తడిగుడ్డతోనే పోయింది. దేవాలయాల కప్పుల మీద పూర్తయిన బొమ్మలు మిగిలాయి గనుక మన చిత్రకళా చరిత్ర వాటి చుట్టూనే తిరుగుతోంది. మిగలనివాటికి వాటి సరంజామాయే సాక్ష్యం: చట్రం, బలపం, ఉలి, గని. నోటుపుస్తకాలు చవకయ్యాక, రేకు పలకలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాక మార్కాపురం రాయికి బడిలో గిరాకీ పడిపోయింది. ఇప్పుడది నేలకూ గోడకూ పరిచే బండలుగా విదేశాలకు వెళుతోంది. బడిపలక చేసే పనితనం ఎరిగిన చేతులు ఇంకా ఉండగానే, ఆ పనిముట్లనూ పద్ధతినీ మార్కాపురంలోనే నమోదు చేసి, తెలుగు చిత్రకళ పాఠంలో తాటాకు పక్కన, కలంకారీ పక్కన పలకకూ ఒక అధ్యాయం ఇవ్వాలి.