గుత్తి పక్కన అశోకుడి కొండ: ఎర్రగుడికి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

చైనాలో బౌద్ధులు పవిత్రంగా చూసే కొండలు నాలుగున్నాయి. వుతాయ్, ఎమెయ్, జియుహువా, పుతువో. రీల్స్‌లో ఎమెయ్ మెట్లు, మబ్బుల మీద మెరిసే బోధిసత్వుడి బంగారు విగ్రహం చూసి, మా తమ్ముళ్ళు కొందరు "అన్నా, ఒక్కసారైనా ఆ కొండ ఎక్కాల" అని తెగ ప్లాన్లు వేస్తున్నారు. ఎక్కండి, మంచిదే. కాకపోతే అది 3,000 మీటర్లు దాటిన కొండ. పాస్‌పోర్ట్, వీసా, లక్షల్లో ఖర్చు, ఇవన్నీ చూసుకోవాలి.

ఒక సంగతి చెప్తాను. వుతాయ్ కొండమీద ఒక పెద్ద తెల్ల స్తూపం ఉంది. దాని లోపల అశోకుడు పంపిన చిన్న స్తూపం ఉందని అక్కడివాళ్ళ నమ్మకం. నింగ్బో దగ్గరైతే ఏకంగా అశోకుడి పేరు మీదే గుడి కట్టుకున్నారు. చైనీయులు ఆయన్ని 'అయూవాంగ్' అంటారు. అశోకుడు 84,000 స్తూపాలు కట్టించాడనీ, వాటిలో కొన్ని తమ దేశంలో ఉన్నాయనీ చెప్పుకుంటారు. అది భక్తి, కథ. మరి అశోకుడు నిజంగా చెక్కించిన మాటలున్న కొండ చూడాలంటే? గుత్తిలో రైలు దిగితే చాలు. అక్కడినుంచి పత్తికొండ రోడ్డులో సుమారు 15 కిలోమీటర్లు. ఎర్రగుడి.

లెక్కకు అది కర్నూలు జిల్లా. కానీ నేల మాత్రం మన అనంతపురం నేలే. అదే ఎర్రమట్టి, అవే వేరుశనగ చేలు, మబ్బు వచ్చినట్టే వచ్చి పక్కకు పోయే అదే ఆకాశం. కొండ పెద్దదేం కాదు. ట్రెక్ అని చెప్పుకోడానికి కూడా కొంచెం సిగ్గేస్తుంది. రోడ్డుకు దగ్గర్లోనే గుండ్లు పేర్చినట్టుండే గుట్ట. ఆ గుండ్ల మీద క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో, బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన అక్షరాలున్నాయి. అశోకుడి 14 పెద్ద శిలాశాసనాలూ ఉన్న చోటు దక్షిణ భారతంలో ఇదొక్కటే. వాటితోపాటు చిన్న శాసనాలు కూడా ఇక్కడే ఉన్నాయి. రెండూ ఒకేచోట దొరకడం దేశం మొత్తం మీద చాలా అరుదు.

దీన్ని కనిపెట్టింది చరిత్రకారుడు కాదు, అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. 1929 ప్రాంతంలో. అంటే రాళ్ళు చూడ్డానికి వచ్చినాయనకు రాత కనపడిందన్నమాట! అంతకు వందేళ్ళ ముందు, 1827లో, దొర థామస్ మన్రో ఈ పక్కనే పత్తికొండలో కలరాతో చనిపోయాడు. శవాన్ని గుత్తికి తెచ్చి పాతిపెట్టారు. ఒకవేళ ఆయన ఈ బండల దగ్గర ఆగి చూసినా లాభం ఉండేది కాదు. బ్రాహ్మీ చదవగలిగిన మనిషి ఆరోజున భూమ్మీద ఒక్కడూ లేడు. జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని విప్పింది ఇంకో పదేళ్ళకు, 1837లో.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆ బండల మీద ఏముంది?

నాకు అన్నిటికంటే బాగా తగిలేది రెండో పెద్ద శాసనం. అందులో అశోకుడు ఏమంటాడంటే, తన రాజ్యంలోనూ, చోళ, పాండ్య, కేరళపుత్ర దేశాల్లోనూ, తామ్రపర్ణి దాకా, అటు గ్రీకు రాజు అంతియోకుడి దేశం దాకా మనుషులకు వైద్యం, పశువులకు వైద్యం ఏర్పాటు చేశానంటాడు. మందుమొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించానంటాడు. దారుల పొడవునా బావులు తవ్వించి, చెట్లు పెట్టించానంటాడు. ఎవరికోసం? పశువులూ మనుషులూ వాడుకోడానికి.

ఈ మాటని గంగ ఒడ్డున చదివితే ఒక రకం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతుకు ఈడ్చే ఈ పీఠభూమిలో, ఎండకు కాలిన బండ మీద, 'బావి', 'చెట్టు', 'పశువు' అని చదివితే ఇంకో రకం. మన ఊళ్ళలో ఎన్ని బోర్లు వేసి ఎన్ని ఎండిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. వెయ్యి అడుగులు తవ్వినా దుమ్ము లేచిన ఇళ్ళు మీ బంధువుల్లోనే ఉంటాయి.

అయితే ఒకటి గమనించండి. ఎన్ని బావులు, ఎక్కడ, ఎవరు తవ్వారు అనే లెక్క ఈ రాతలో లేదు. రాజు చెప్పాడు, చెక్కారు, అంతే. అదే కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం చూడండి, 1369 నాటిది. రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు, 2 సంవత్సరాల పని అని లెక్క రాసిపెట్టారు. చెరువుకి మంచి చోటు ఎలా ఉండాలో కూడా రాశారు. నా మట్టుకు నాకు అశోకుడి మాట కన్నా ఆ లెక్క మీదే నమ్మకం ఎక్కువ. కానీ బాట పక్కన నీళ్ళు చూపించడం రాజు పని అని మన నేల మీద రాయి మీద రాసింది మాత్రం ఎర్రగుడిలోనే. పోరుమామిళ్ళకు 1,600 ఏళ్ళ ముందు.

చిన్న శాసనం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఈ మాటల్ని పల్లె జనానికి ఎలా చేర్చాలో అందులో రాసుంది. రజ్జుకులు అనే అధికారులకు ఆజ్ఞ ఇవ్వాలి, వాళ్ళు భేరి కొట్టించి జనపదంలో చాటించాలి. మనం దండోరా అంటామే, అదే. ఇక్కడి జనంలో ప్రాకృతం చదివేవాళ్ళు ఎందరుంటారు చెప్పండి? రాత అధికారుల కోసం, డప్పు జనం కోసం. చాటించే మాటలు కూడా సాదాగా ఉంటాయి. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి. ఏనుగు మావటీలకూ, లేఖకులకూ, బ్రాహ్మణ గురువులకూ కూడా ఇదే చెప్పమంటాడు. చిన్నవాళ్ళైనా పెద్దవాళ్ళైనా ప్రయత్నం చేస్తే ఫలితం దొరుకుతుందని ఇంకోచోట అంటాడు.

ఈ చిన్న శాసనంలో ఒక తమాషా ఉంది. కొన్ని వరుసలు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకి. ఎద్దులతో దున్నేటప్పుడు సాలు చివరికెళ్ళి తిప్పుకొస్తాం చూడండి, అలా. అదీ ఒక క్రమం లేకుండా. ఎందుకలా? మన రాయదుర్గం దాటితే వచ్చే కర్ణాటకలోని బ్రహ్మగిరిలో ఒక ఆధారం ఉంది. అక్కడ శాసనం రాసిన లేఖకుడి పేరు చపడ. చివరిమాట ఒక్కటి ఖరోష్ఠీ లిపిలో రాశాడు. అది వాయవ్యాన, ఇప్పటి పాకిస్తాన్ వైపు వాడే, కుడినుంచి ఎడమకి రాసే లిపి. అంత దూరం చదువు చదివినవాళ్ళు ఉద్యోగం మీద ఇంత దూరం వచ్చారన్నమాట. ఎర్రగుడి చెక్కినాయనకూ ఆ అలవాటే ఉండొచ్చని కొందరి ఊహ.

అసలు మౌర్యులకు ఈ ఎండిన నేలతో పనేంటి? బ్రహ్మగిరి శాసనం సువర్ణగిరి అనే పట్టణంనుంచి వచ్చిన ఆజ్ఞతో మొదలవుతుంది. అది మన ఎర్రగుడి పక్కనున్న జొన్నగిరే అని కొందరు పండితులు, కాదు కర్ణాటకలోని కనకగిరి అని ఇంకొందరు. ఏదైనా పేరులోనే బంగారం ఉంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం వంగి వెతికే దృశ్యం ప్రతి ఏడూ టీవీలో చూస్తాం కదా, ఆ ఊరే. ధర్మంతోపాటు బంగారం మీద కూడా చక్రవర్తికి కన్ను ఉందనే నేను అనుకుంటాను. కళింగలో లక్షమంది చచ్చారని తనే ఒప్పుకున్న 13వ శాసనంలో ఆంధ్రుల పేరు కూడా ఉంది, తన ఏలుబడిలో ఉన్నవాళ్ళ జాబితాలో.

ఇక మీ ప్లాన్. ఏప్రిల్, మే వద్దు, బండలు పెనాల్లా కాలుతాయి. అక్టోబర్‌నుంచి జనవరి దాకా బాగుంటుంది. పొద్దున్నే చేరుకోండి. ఏటవాలు వెలుగులో అక్షరం నీడ పట్టి కనపడుతుంది, మిట్టమధ్యాహ్నం వెళ్తే వట్టి రాయే. నీళ్ళు మీరే మోసుకెళ్ళండి. శాసనాల తెలుగు అనువాదం ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. అక్షరాల మీద సుద్ద రాయడం, నీళ్ళు పోసి ఫొటో తీయడం, పక్కన మీ పేరు గీకడం చేయొద్దు. పత్తికొండ వైపు రాజుల మందగిరిలో ఇంకో అశోక శాసనం ఉంది, చాలావరకు అరిగిపోయింది. టైముంటే అదీ చూసి రండి, అరిగిపోవడం అంటే ఏంటో తెలుస్తుంది. గుత్తి కోట మాత్రం అదే రోజు పెట్టుకోవద్దు, కాళ్ళు సహకరించవు. దాని సంగతి ఇంకో ఎపిసోడ్‌లో చూద్దాం.