మోకాలి గుజ్జు కథ



"మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందట" - ఇంటికి ఫోన్ చేసినప్పుడు మనలో చాలామంది వినే మాట ఇది. మొన్న మా అమ్మ కూడా ఇదే చెప్పి, "వచ్చేటప్పుడు గుజ్జు పెరిగే మాత్రలు రెండు సీసాలు పట్రా" అంది. నేను డాక్టర్ని కాను, కంప్యూటర్లతో పనిచేసేవాణ్ణి. అయినా సీసాలు కొనేముందు ఈ గుజ్జు సంగతేమిటో చూద్దామని నాలుగు పుస్తకాలు తిరగేశాను. ఆ కథే ఇవాళ మీకు చెబుతాను.

మనం గుజ్జు అనేదాన్ని బడి పుస్తకాల్లో మృదులాస్థి అని చదువుకున్నాం. దీన్ని మనవాళ్ళు ఎప్పుడో గుర్తించారు. సుశ్రుత సంహిత ఎముకల్ని ఐదు రకాలుగా విడదీసింది. అందులో ఒకటి "తరుణ", అంటే లేత ఎముక. అది ముక్కులో, చెవిలో, మెడలో, కంటి గూటిలో ఉంటుందని చెప్పింది. ఇప్పుడు మనం పెద్దవాళ్ళ ఒంట్లో 206 ఎముకలు లెక్కపెడుతుంటే, సుశ్రుతుడి లెక్క 300. పళ్ళనీ, ఈ లేత ఎముకల్నీ కూడా కలపడం అందుకు కొంత కారణం.

ఇక లండన్‌కు వద్దాం. 1743లో విలియం హంటర్ అనే పాతికేళ్ళ వైద్యుడు రాయల్ సొసైటీకి కీళ్ళలోని మృదులాస్థి గురించి ఒక వ్యాసం సమర్పించాడు. అందులోని పోగులు ఎముక మీద మఖమల్ గుడ్డ నూగులా నిటారుగా నిలబడి ఉంటాయన్నాడు. అది ఒకసారి పాడైతే మళ్ళీ బాగుపడదని హిపోక్రటీస్ నాటినుంచీ వైద్యులందరికీ తెలిసిందేనని కూడా రాశాడు. కారణం మనకిప్పుడు తెలుసు. దానిలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. మనం నడిచేటప్పుడు అది స్పాంజిలా నొక్కుకుని, మళ్ళీ పొంగుతూ, కీలులోని ద్రవం నుంచే ఆహారం తీసుకుంటుంది.

1839లో జర్మన్ శాస్త్రవేత్త థియొడోర్ ష్వాన్, మొక్కల్లాగే జంతువులూ కణాలతోనే తయారయ్యాయని వాదించినప్పుడు, మొదటి సాక్ష్యాల్లో ఒకటిగా మృదులాస్థినే చూపించాడు. సూక్ష్మదర్శిని కింద చూస్తే ఇందులో మూడు రకాలు కనిపిస్తాయి. గాజులా మెరిసే కాచాభ రకం ముక్కులో, పక్కటెముకల చివర్లలో, శ్వాసనాళపు వలయాల్లో, కీళ్ళలో ఎముకల కొసల మీద ఉంటుంది. వంచినా తిరిగి నిలబడే స్థితిస్థాపక రకం చెవి డొప్పలో, నాలుక వెనక శ్వాసనాళానికి మూతలా ఉండే ఉపజిహ్వికలో ఉంటుంది. తాళ్ళు పేనినట్టు గట్టిగా ఉండే తంతుయుత రకం వెన్నుపూసల మధ్య బిళ్ళల్లో, మోకాలిలోని నెలవంక మెత్తల్లో ఉంటుంది.

ఈ తేడా మా అమ్మ మోకాలికి ఎందుకంటారా? అరిగేది ముఖ్యంగా కాచాభ రకం. ఎముకకు సన్నటి రంధ్రాలు చేస్తే రక్తం చేరి అతుకు పడుతుంది గానీ, ఆ అతుకు చాలావరకు తంతుయుత రకం. అసలుదానంత నునుపూ ఉండదు, అన్నాళ్ళు మన్నదు కూడా.

1994లో స్వీడన్ వైద్యులు కొత్త దారి చూపించారు. 23 మంది మోకాళ్ళలోంచి మంచి కణాలు కొన్ని తీసి, ప్రయోగశాలలో పెంచి, దెబ్బతిన్నచోట మళ్ళీ నాటారు. హంటర్ నాటి మాటకు ఇన్నాళ్ళకు ఒక జవాబు దొరికింది. కానీ అది దెబ్బ తగిలి ఒకచోట గుంటపడినవాళ్ళకు. వయసుతో కీలంతా అరిగినవాళ్ళకు కాదు.

మరి మాత్రలు? గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రల్ని అమెరికాలో 1583 మంది మీద పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం మీద ఉత్తుత్తి మాత్రల కంటే అవి నొప్పిని చెప్పుకోదగ్గంత తగ్గించలేదు. వాళ్ళలో కొందరికి రెండేళ్ళపాటు ఎక్స్‌రేలు తీసి చూసినా, కీలు అరుగుదలలో స్పష్టమైన తేడా కనబడలేదని 2008లో తేల్చారు.

ఇదంతా అమ్మకు చెప్పాను. ఉన్న గుజ్జును కాపాడుకోవడమే మన చేతిలో ఉన్నదనీ, డాక్టరుగారు చెప్పిన వ్యాయామం, నడక మానొద్దనీ అన్నాను. ఈసారి సీసాల బదులు మంచి నడక బూట్లు తీసుకెళుతున్నాను. "బూట్లేసుకుని వీధిలో తిరగనా?" అని నవ్వింది గానీ, కొలత మాత్రం చెప్పింది.