ఆవిరికి రాసిన చట్టం

మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ ఉప్పుడు బియ్యం మిల్లుకు వెళ్లినా, ధాన్యం నానబెట్టే తొట్ల వెనక ఊకతో మండే బాయిలర్ కనిపిస్తుంది. దాని ఇనుప ఒంటి మీద కొన్ని అక్షరాలు, అంకెలు చెక్కి ఉంటాయి. అది కంపెనీ వేసిన మోడల్ నంబరు కాదు, ప్రభుత్వ రిజిస్టరులో ఆ బాయిలర్‌కు కేటాయించిన సంఖ్య. ఎవరు తయారు చేశారు, ఎంత మందం రేకు వాడారు, ఎంత ప్రెషర్ దాకా నడపొచ్చు, ఎవరు ఎప్పుడు పరీక్షించారు అన్న వివరాలన్నీ ఆ సంఖ్య కిందే ఉంటాయి. బాయిలర్ చేతులు మారినా, ఊరు మారినా దాని చరిత్ర దాని వెంటే నడుస్తుంది.

ఈ పద్ధతిని నూరేళ్లపాటు నడిపించింది 1923 నాటి ఇండియన్ బాయిలర్స్ యాక్టు. దాని స్థానంలో కేంద్రం కొత్త బిల్లును 2024 ఆగస్టు 8న రాజ్యసభలో పెట్టింది. ఆ ఏడాది డిసెంబరు 4న రాజ్యసభ, 2025 మార్చి 25న లోక్‌సభ దాన్ని ఆమోదించాయి. పాత చట్టానికి భాష సవరించి, శిక్షలు సడలించినట్టు పైకి కనిపిస్తుంది గానీ, ఆ బిల్లు వెనక రెండు శతాబ్దాల వాదన ఉంది. ప్రమాదకరమైన యంత్రం బాగుందని చెప్పాల్సింది దాని యజమానా, యజమాని జీతం తీసుకోని మరొకరా? బాయిలర్ చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగినదే.

లీటరు నీరు పూర్తిగా ఆవిరైతే మామూలు వాతావరణ పీడనం దగ్గర సుమారు 1,600 లీటర్ల చోటు కావాలి. ఆ చోటు ఇవ్వకుండా ఇనుములో బంధించడమే బాయిలర్ చేసే పని. పైగా లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా ప్రెషర్ వల్ల నీరుగానే ఉండిపోతుంది. రేకు ఎక్కడైనా చిరిగిందంటే ప్రెషర్ ఒక్కసారిగా పడిపోతుంది, ఆ నీటిలో చాలా భాగం అదే క్షణంలో ఆవిరిగా మారుతుంది. బాయిలర్ పేలితే గోడలు కూలేది, టన్నుల బరువున్న డ్రమ్ము దూరంగా ఎగిరిపడేది అందుకే.

ఈ సంగతి తొలినాళ్లలోనే తెలిసొచ్చింది. రిచర్డ్ ట్రెవితిక్ అధిక పీడనంతో నడిచే ఆవిరి యంత్రాలను తయారు చేస్తున్న కాలంలో, 1803లో లండన్ దగ్గరి గ్రీనిచ్‌లో ఆయన యంత్రం ఒకటి పేలి నలుగురు చనిపోయారు. చూసుకోవాల్సిన కుర్రాడు పక్కకు వెళ్లిన వేళ, ఆవిరిని వదిలేయాల్సిన వాల్వు పని చేయకుండా బిగిసి ఉంది. తక్కువ పీడన యంత్రాలనే నమ్ముకున్న పోటీ తయారీదారులు బోల్టన్, వాట్‌ల వర్గం ఈ ప్రమాదాన్ని ట్రెవితిక్ మీద ఆయుధంగా వాడుకుంది. ట్రెవితిక్ మాత్రం యంత్రాన్ని వదిలేయలేదు, మార్చాడు. నడిపే మనిషి చేతికి అందని రెండో సేఫ్టీ వాల్వు పెట్టాడు. నీరు తగ్గి లోహం వేడెక్కితే కరిగిపోయి ఆవిరిని బయటికి వదిలే సీసపు బిరడా అమర్చాడు. ఇప్పుడు మన వంటింటి ప్రెషర్ కుక్కర్ మూత మీద ఉండే చిన్న సేఫ్టీ ప్లగ్గు ఆ బిరడా వంశంలోదే.

ట్రెవితిక్ యంత్రాన్ని దిద్దాడు గానీ, ఆ యంత్రాన్ని బయటి నుంచి చూసే వాళ్లెవరన్నది తేలలేదు. బ్రిటన్ ఆ పని చాలాకాలం యజమానుల సంఘాలకే వదిలేసింది. 1854లో మాంచెస్టర్‌లో ఆవిరి వాడే మిల్లుదారులు కలిసి సొంత తనిఖీదారులను పెట్టుకున్నారు. పార్లమెంటు 1882లో చట్టం చేసినా, అది పేలుడు జరిగాక విచారణ జరిపించడానికే.

అమెరికా పడవల బాయిలర్లకు ముందే తనిఖీ పెట్టింది. 1838లో ఒక చట్టం, అది చాలక 1852లో ఇంకొకటి వచ్చాయి. అయినా 1865 ఏప్రిల్ 27న మిసిసిపీ నదిలో మెంఫిస్ దగ్గర సుల్తానా పడవ పేలింది. అంతర్యుద్ధం ముగిసి, చెరల నుంచి విడుదలై ఇళ్లకు పోతున్న సైనికులు అందులో కిక్కిరిసి ఉన్నారు. 376 మంది ఎక్కాల్సిన పడవలో రెండు వేలు దాటారు. చనిపోయినవారు 1,100కు పైనే. ఆ బాయిలర్లను కొద్ది రోజుల ముందే సెయింట్ లూయిస్‌లో తనిఖీ చేసి బాగున్నాయన్నారు. దారిలో ఒక బాయిలర్ రేకు ఉబ్బింది. ఆగి సరిగా బాగు చేయించుకుంటే వేరే పడవకు బేరం పోతుందన్న తొందరలో పలుచటి రేకుతో అతుకు వేసి బయలుదేరారు. తనిఖీ చీటీ చేతిలో ఉన్నంత మాత్రాన పని అయిపోదని, తర్వాత చేసిన ప్రతి మరమ్మతునూ బయటి కన్ను చూడాలని చెప్పే ఉదాహరణ ఇంతకంటే బరువైనది లేదు. మన చట్టంలో అనుమతి లేకుండా బాయిలర్‌కు మరమ్మతు చేయకూడదన్న నిబంధన ఎందుకుందో సుల్తానా కథ చదివితే తెలుస్తుంది.

నలభై ఏళ్ల తర్వాత, 1905 మార్చి 20న, మసాచుసెట్స్ రాష్ట్రం బ్రాక్టన్‌లోని గ్రోవర్ చెప్పుల ఫ్యాక్టరీలో పాత బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. ఆ రాష్ట్రం 1907లో బాయిలర్ల తయారీకి నియమాలు రాసింది. వాటి బాటలోనే అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం దేశమంతటికీ పనికొచ్చే కోడ్ తెచ్చింది. రేకు మందం ఎంత, రివెట్ల మధ్య దూరం ఎంత అన్నవి తయారీదారు ఇష్టాయిష్టాలు కాకుండా పోయింది అక్కడి నుంచే.

మన దేశంలో మొదలు కలకత్తాలో. జనపనార మిల్లులు హుగ్లీ ఒడ్డున లేస్తున్న కాలం అది. 1863లో అక్కడ బాయిలర్ పేలి మనుషులు చనిపోయారు. మరుసటి ఏడాదే బెంగాల్ ప్రభుత్వం చట్టం చేసి కలకత్తా, దాని శివార్లలోని బాయిలర్లకు తనిఖీ తప్పనిసరి చేసింది. వలస పాలకులు కార్మికుల పని గంటల మీద ఇంకా నోరు మెదపని రోజుల్లో ఇది జరిగిందంటే కారణం ఊహించడం కష్టం కాదు. బాయిలర్ పేలుడు కూలీనీ యజమానినీ వేరుగా చూడదు, ఆస్తినీ మిగల్చదు.

తర్వాత ఒక్కో ప్రాంతం ఒక్కో చట్టం చేసుకుంది. ఒక చోట పాసైన బాయిలర్ ఇంకో చోట పనికిరాదనిపించుకునేది. లెక్క కట్టే సూత్రాలు వేరు, పరీక్షలు వేరు. ఈ గందరగోళం తేల్చడానికి 1920లో బాయిలర్ చట్టాల కమిటీ వేశారు. దాని సిఫార్సుల మీద 1923లో దేశానికంతా ఒకే చట్టం వచ్చి, 1924 జనవరి 1 నుంచి అమలైంది. రైలు ఇంజన్లను దీని బయట ఉంచారు.

కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కాబట్టి నెల్లిమర్ల, చిట్టివలస, ఏలూరు జనపనార మిల్లులు మొదటి నుంచీ ఈ చట్టం కిందికే వచ్చాయి. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియా కాదు. 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున కట్టిన విద్యుత్ కేంద్రం, 1934 నాటి వరంగల్ ఆజం జాహీ మిల్లు, 1937లో మొదలైన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ అన్నీ ఆవిరి మీద నడిచినవే అయినా ఢిల్లీ చట్టం వాటిని తాకలేదు. సంస్థానాల విలీనం తర్వాతే అది ఇటు విస్తరించింది. సాంకేతిక వివరాలను 1950లో ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ పేరుతో కూర్చారు. నేటికీ ఫిట్టర్లు, వెల్డర్లు, పైపులు అమ్మే దుకాణాలవాళ్లు ‘ఐబీఆర్ పైపు’, ‘ఐబీఆర్ వాల్వు’ అనేది ఆ పుస్తకం పేరును కుదించే.

ఆ పుస్తకం పని చేసే తీరు చూడదగ్గది. ఏడాదికోసారి బాయిలర్ ఆపాలి. నిప్పు తీసి, చల్లార్చి, నీరు వదిలి, మసి దులిపి, మనిషి దూరే మూత తెరిచి ఉంచాలి. ఇన్‌స్పెక్టర్ టార్చితో లోపలికి దూరతాడు. చిన్న సుత్తితో రేకును తట్టి శబ్దం వింటాడు. ట్యూబులు సన్నబడ్డాయా, అతుకుల దగ్గర బీటలున్నాయా, సున్నపు పొర ఎంత పేరుకుంది అని చూస్తాడు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువున్న చోట ఈ పొరే పెద్ద శత్రువు. నీటికీ లోహానికీ మధ్య అడ్డుపడి, లోహాన్ని కాలిపోయేలా చేస్తుంది. తర్వాత బాయిలర్ నిండా చల్లటి నీరు పట్టి, మామూలుగా నడిపే దానికంటే ఎక్కువ ప్రెషర్‌కు ఎక్కించి చూస్తారు. ఆవిరితో కాకుండా నీటితో చేయడంలో తెలివి ఉంది. నీరు ఆవిరిలా నొక్కుకుపోదు కాబట్టి, లోపం ఉన్న చోట కారుతుందే గానీ పేలదు. అన్నీ సరిపోతే ఏడాదికి సర్టిఫికెట్ ఇస్తారు. నడిపే మనిషికీ పరీక్ష ఉంటుంది. సర్టిఫికెట్ లేని అటెండెంట్ బాయిలర్ ముందు నిలబడకూడదు. ప్రమాదం జరిగితే 24 గంటల్లో తెలియజేయాలి.

భారతీయ చట్టాల్లో ఇంత నిక్కచ్చిగా, ప్రమాదం జరగకముందే, యంత్రం కడుపులోకి దూరి చూసేవి తక్కువ. ఒక నిరాడంబరమైన, గొప్ప ప్రజారక్షణ వ్యవస్థ ఇది. దీని విజయం కనపడదు, ఎందుకంటే పేలని బాయిలర్ వార్త కాదు.

దీని కంచెకు సందులూ ఉన్నాయి. 25 లీటర్ల లోపు నీరు పట్టేవి చట్టం కిందికి రావు. ఆ హద్దుకు కాస్త కిందే ఉండేలా చుట్టల గొట్టాలతో చేసిన ఆవిరి యంత్రాలు ‘నాన్ ఐబీఆర్’ పేరుతో బాహాటంగా అమ్ముడవుతాయి. హోటళ్లు, లాండ్రీలు, చిన్న రంగుల యూనిట్లు వీటినే కొంటాయి. తనిఖీ లేకపోవడమే అమ్మకపు ఆకర్షణ కావడం బాధాకరం.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత పారిశ్రామిక వర్గాల్లో తనిఖీ అధికారి మీద విసుగు పెరిగింది. ఇన్‌స్పెక్టర్ రాజ్ అనే మాట పుట్టించిన అనుభవాలు అబద్ధం కాదు. సంతకం కోసం మిల్లు ఆగిపోవడం, చేతులు తడపాల్సి రావడం ఎందరో చూశారు. 2007 సవరణ ప్రైవేటు తనిఖీ సంస్థలకు దారి తెరిచింది. తర్వాతి దశాబ్దంలో వ్యాపార సౌలభ్యం ర్యాంకుల పోటీ మొదలైంది. 2016లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసి మొదటి స్థానం పంచుకున్న ఆ పోటీలో, ప్రభుత్వ తనిఖీ భారాన్ని తగ్గించడం రాష్ట్రాలు చేయాల్సిన సంస్కరణల్లో ఒకటి.

2025 చట్టం ఈ దారినే నడిచింది. మొత్తం ఏడు నేరాల్లో ప్రాణ నష్టానికి దారితీసే నాలుగింటికి క్రిమినల్ శిక్షలు ఉంచి, మిగిలినవాటిని జరిమానాలతో సరిపెట్టింది. సేఫ్టీ వాల్వును బిగించేయడం ఇప్పటికీ జైలుకు పంపగల నేరమే. ఇంతవరకు అభ్యంతరం లేదు. చిన్న కాగితం తప్పుకు మిల్లుదారు కోర్టు మెట్లెక్కాల్సిన పని లేదు. కానీ ఏదైనా ప్రాంతాన్ని చట్టం నుంచి మినహాయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉండటం ఆందోళన కలిగించే విషయం. పెట్టుబడుల కోసం రాష్ట్రాలు పోటీ పడే కాలంలో ఆ అధికారాన్ని ఏ పారిశ్రామిక వాడ కోసం వాడతారో చెప్పలేం. డబ్బు పుచ్చుకునే తనిఖీ సంస్థ ఆ డబ్బు ఇచ్చే యజమానికి ఎంత గట్టిగా కాదని చెప్పగలదన్నది 1854లో మాంచెస్టర్ ముందున్న ప్రశ్నే.

ఏడాదికోసారి చేసే తనిఖీ ఒక్కటే సరిపోదని 2017 నవంబరు 1న రుజువైంది. ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్ థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల కొత్త యూనిట్ బాయిలర్ కొలిమి పేలి 40 మందికి పైగా చనిపోయారు. తుప్పు పట్టిన పాత రేకు కాదది. గట్టిపడిన బూడిద గడ్డలు అడుగున పేరుకుంటే, యూనిట్‌ను ఆపకుండానే తొలగించే ప్రయత్నం జరిగిందని అప్పటి నివేదికలు చెప్పాయి. ఆపాలా, నడపాలా అన్న నిర్ణయం ఆ పూట ఎవరి చేతిలో ఉందన్నది ఏ వార్షిక సర్టిఫికెట్టూ చెప్పదు.

2020 మే 7న ఒకే రోజు రెండు ప్రమాదాలు జరిగాయి. తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. అదే రోజు తమిళనాడులోని నైవేలి విద్యుత్ కేంద్రంలో బాయిలర్ పేలింది. ఆ జులై 1న అక్కడే మళ్లీ పేలింది. నైవేలిలోది బాయిలర్ కాబట్టి దానికి రిజిస్టరు, నక్షా, ఏటా పరీక్ష ఉన్నాయి. విశాఖలోది నిల్వ ట్యాంకు. దాన్ని చూసుకోవాల్సిన బాధ్యత ఫ్యాక్టరీల చట్టం, పర్యావరణ చట్టం, రసాయనాల నియమాల మధ్య చీలిపోయి ఉంది. నిజానికి రెండింటిలోనూ అదుపు తప్పింది పాత్రలో బంధించిన శక్తే.

తెలుగు నేల మీద గత పాతికేళ్లలో అచ్యుతాపురం, పరవాడ, పాశమైలారం, జీడిమెట్లల్లో ఎక్కువగా వెలిసింది ఈ రెండో రకం పాత్రలే. ఔషధ కంపెనీల రియాక్టర్లు, డ్రయ్యర్లు, ద్రావకాల ట్యాంకులు. ప్రమాదం జరిగిన వెంటనే టీవీల్లో ‘బాయిలర్ పేలింది’ అని వస్తుంది, సాయంత్రానికి అది బాయిలర్ కాదని తేలుతుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మాలో 17 మందిని బలిగొన్నదాన్నీ మొదట రియాక్టర్ పేలుడన్నారు, తర్వాత ద్రావకం లీకని తేలింది. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ ఇండస్ట్రీస్‌లో 40 మందికి పైగా ప్రాణాలు తీసిన పేలుడుకు కూడా మూలం బాయిలర్ కాదు.

ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్ ప్రెషర్‌తో నడిచే యంత్రాలు భద్రంగా ఉండాలని చెప్పింది. కానీ మిర్యాలగూడ మిల్లులో ఊకతో మండే బాయిలర్‌కు ఉన్నట్టు, కోట్ల విలువైన రియాక్టర్‌కు ఒంటి మీద చెక్కిన ప్రభుత్వ సంఖ్య లేదు, చేతులు మారినా వెంట నడిచే చరిత్ర లేదు. పాత రియాక్టర్లు ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు సెకండ్ హ్యాండ్‌లో అమ్ముడుపోతూనే ఉంటాయి. 2025 నవంబరు 21 నుంచి ఆ ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో తనిఖీ అధికారి పేరు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’. సలహా ఇవ్వడం కూడా ఇక ఆయన విధి. బాయిలర్‌కు 1864 నుంచి ఉన్న తనిఖీ రియాక్టర్లకూ డ్రయ్యర్లకూ రావాలంటే అడగాల్సింది పెద్దదేమీ కాదు. చెక్కిన సంఖ్య, ముందే ఆమోదించిన నక్షా, ఏటా కడుపులోకి దూరి చూసే బయటి మనిషి, మరమ్మతుకు రాతపూర్వక అనుమతి కావాలి. అచ్యుతాపురం, పాశమైలారం బాధితుల కుటుంబాలకు ప్రకటించిన పరిహారాల్లో కోటి రూపాయల మాటలు వినిపించాయి. ఆ నాలుగింటికీ అయ్యే ఖర్చు అంతకంటే చాలా తక్కువ.