సొంత డబ్బుతో కొన్న కీ

ఎపిసోడ్‌లో టైమ్ లేక దాటేసిన ముచ్చట ఒకటి ఇక్కడ రాస్తున్నా.

మన ఊళ్లలో ఒకప్పుడు టెలిగ్రాం వచ్చిందంటే చదవకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. 2013 జులైలో బీఎస్ఎన్ఎల్ ఆ సర్వీసు మూసేసింది. కబురు తెచ్చిన పోస్టుమ్యాన్ గుర్తున్నాడు గానీ, దాన్ని కొట్టిన చెయ్యి మనకెవరికీ గుర్తు లేదు. ఆన్‌లైన్ వేలాల్లో పాత మోర్స్ కీలు చూస్తుంటే నాకు ఆ చెయ్యే కనిపిస్తుంది.

మామూలు కీ అంటే ఒక ఇత్తడి మీట, దాని చివర ఒక గుండీ. చుక్కకో నొక్కు, గీతకో నొక్కు. 'ఎస్' అక్షరానికి మూడు చుక్కలు, అంటే మూడుసార్లు కొట్టాలి. షిఫ్టు మొత్తం ఇదే పని. కొన్నేళ్లకు మణికట్టు బిగుసుకుపోయేది, వేళ్లు మాట వినేవి కావు. అమెరికా ఆపరేటర్లు దీన్ని 'గ్లాస్ ఆర్మ్' అన్నారు, గాజు చెయ్యి అన్నమాట. బ్రిటన్‌లో 1908లో దీన్ని నష్టపరిహారం ఇవ్వాల్సిన వృత్తి రోగాల జాబితాలో చేర్చారు. చెయ్యి పోతే ఉద్యోగం పోయినట్టే కదా, ఆ మాట మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

న్యూయార్క్‌లో హొరేస్ మార్టిన్ అనే ఆయన దీనికో ఉపాయం కనిపెట్టాడు. 1905 ప్రాంతంలో 'వైబ్రోప్లెక్స్' పేరుతో అది అమ్మకానికొచ్చింది. దీని మీట పైకీ కిందికీ కాదు, పక్కలకు కదులుతుంది. బొటనవేలితో ఒకవైపు నెట్టి పట్టుకుంటే స్ప్రింగుకున్న బరువు ఊగుతూ చుక్కల్ని తనే వరసగా కొడుతుంది. గీతలు మాత్రం చూపుడువేలితో ఒక్కొక్కటీ కొట్టుకోవాల్సిందే. మూడు చుక్కలకు ఒకే నెట్టు. దాని మీద పురుగు బొమ్మ ఉంటుంది, ఆపరేటర్లు కూడా దాన్ని 'బగ్' అనే పిలిచారు.

అసలు సంగతి ఇక్కడుంది. ఆఫీసు బల్ల మీద కంపెనీ పెట్టేది మామూలు కీ. బగ్ కావాలంటే చాలామంది తమ జేబులోంచే కొనుక్కున్నారు. సీజన్‌ను బట్టి ఒక రైల్వే నుంచి ఇంకో రైల్వేకి పని వెతుక్కుంటూ తిరిగే ఆపరేటర్లు ఉండేవాళ్లు, వాళ్లని 'బూమర్లు' అనేవాళ్లు. సుమారు కిలోన్నర బరువున్న బగ్గును పెట్టెలో పెట్టుకుని ఊరూరా మోసుకెళ్లేవాళ్లు. దాని వైరు చివర ఒక చిన్న ముక్క ఉండేది: రెండు పక్కలా ఇత్తడి, మధ్యలో ఇన్సులేషన్. కంపెనీ కీలో ఉన్న సందులోకి దాన్ని దోపితే చాలు, సొంత బగ్గు లైనుకు కలిసిపోయేది. దిగేటప్పుడు లాగేసుకుని వెళ్లిపోవడమే.

వేలాల్లో ఎక్కువగా కనిపించకుండా పోయేది ఆ ముక్కే. పాత వైరు కుళ్లిపోయిందని ఎవరో కత్తిరించి పారేసి ఉంటారు. పెట్టె, వైరు, ముక్క మూడూ ఉంటే ధర పెరుగుతుంది. పేరున్న రేకు మీద సీరియల్ నంబరు చూసి ఏ కాలానిదో చెప్పొచ్చు. మెరుగు పెట్టినవాటి జోలికి నేను పోను. బొటనవేలు అరగదీసిన చోటు కూడా ఆ మెరుగులో పోతుంది.

చవగ్గా మొదలుపెట్టాలంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి జె-38 ఉంది. అమెరికా సైన్యం కోసం చాలా కంపెనీలు చేశాయి, బొమ్మ రైళ్ల లయనెల్ కూడా అందులో ఉంది. 'టైటానిక్' అనో 'మార్కోనీ' అనో రాసున్న తళతళలాడే ఇత్తడి కీలు కనిపిస్తే మాత్రం ఆగండి. వాటిలో చాలావరకు అలంకరణ కోసం కొత్తగా పోతపోసినవే, మన ఇండియా నుంచి కూడా వస్తుంటాయి.

బిడ్ పెట్టేముందు అమ్మేవాళ్లని అడుగుభాగం ఫోటో ఒకటి పంపమనండి. కొన్నిటి మీద మేకుతో గీసుకున్న పేరు ఉంటుంది.