మ్వాలిము న్యెరేరే

తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా ప్రజలు తమ ప్రథమాధ్యక్షుని 'మ్వాలిము' అని పిలిచిరి. స్వాహిలి భాషలో ఆ మాటకు ఉపాధ్యాయుడని అర్థము. రాజ్యనిర్మాతలకు బిరుదులు పెక్కు గలవు. పంతులుగారన్న పేరు మాత్రము అరుదు. జూలియస్ న్యెరేరే ఆ పేరును ఎంతవరకు సార్థకము చేసికొనెనో పరిశీలింతము.

1922లో, విక్టోరియా సరస్సుకు తూర్పున గల బుటియామా గ్రామములో, జనాకి తెగ నాయకుని ఇంట ఆయన జన్మించెను. మకెరేరేలోను, పిదప ఎడింబరో విశ్వవిద్యాలయములోను చదివి, దార్ ఎస్ సలామ్ సమీపమున పూగూ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. 1954 జూలై 7న 'టాను' పక్షము ఆయన నాయకత్వమున వెలసెను. బోధనయా, రాజకీయమా అన్న ప్రశ్న రాగా 1955లో ఉద్యోగమును వదలుకొనెను. ఆయుధము పట్టని ఆ ఉద్యమము ఫలించి, 1961 డిసెంబరు 9న టాంగన్యికా స్వతంత్రమయ్యెను. 1964లో అది జాంజిబారుతో కలియగా టాంజానియా ఏర్పడెను.

నూటికి పైగా భాషలు మాటలాడు తెగలను ఒక జాతిగా కూర్చుట యెట్లు? బహుభాషల దేశమున నివసించు మనకు ఆ ప్రశ్న బరువు తెలియును. న్యెరేరే స్వాహిలిని ఎన్నుకొనెను. అది ఆయన మాతృభాష కాదు. తీరమున పుట్టి, వర్తకుల వెంట లోనాడులకు వ్యాపించిన భాష. షేక్స్‌పియరు 'జూలియస్ సీజరు'ను ఆయన స్వయముగా దానిలోనికి అనువదించెను. ప్రాథమిక విద్య ఆ భాషలో సాగెను. 1973లో 'మ్తు ని ఆఫ్యా' అను ఆరోగ్య బోధనోద్యమము జరిగినపుడు, సుమారు 20 లక్షలమంది వయోజనులు ఊరూర గుంపులుగా కూర్చుండి రేడియో పాఠములు వినిరి.

కాని అదే సంవత్సరమున ఉపాధ్యాయుడు బెత్తము పట్టెను. రైతులు 'ఉజామా' గ్రామములలో చేరి, ఒక కుటుంబమువలె ఉమ్మడి సేద్యము చేయవలెనని 1967 అరూషా ప్రకటన నాటినుండి ఆయన బోధించుచుండెను. తమంతట చేరినవారు కొందరే. అంతట, 1976 ముగియులోపల ఎల్లరును గ్రామములలో నివసింపవలెనని ఆజ్ఞ వెలువడెను. లక్షలాది ప్రజలను తరలించిరి. తిరిగి పోకుండుటకై పలుచోట్ల పాత ఇండ్లను తగులబెట్టిరి. తరతరములుగా గుణమెరిగిన పొలములు రైతులకు దూరమయ్యెను. అనావృష్టియు తోడుకాగా దేశము ధాన్యము దిగుమతి చేసికొనవలసి వచ్చెను. ఎదిరించి పలుకుటకు వేరొక పక్షము లేదు. విచారణలేని నిర్బంధమునకు 1962 నాటి శాసనము ఉండనే యుండెను.

1985లో ఆయన తనంతట తాను అధ్యక్షపదవిని విడిచెను. 1992లో బహుపక్ష వ్యవస్థ తిరిగి వచ్చినపుడు దానిని సమర్థించెను. 1999 అక్టోబరు 14న కన్నుమూసెను.

ఆయన విడిచిన రెండు పనులను ప్రక్కప్రక్కన నిలిపి చూతము. స్వాహిలి నేటికిని ఆ ప్రజలను ఒక్కటిగా కలుపుచున్నది. ఉమ్మడి సేద్యము ఆయన పదవిలో నుండగనే సడలిపోయెను. రెండింటను సంకల్పము మంచిదే; ఒకదానిని ప్రజలు నేర్చుకొనిరి, రెండవదానికి లొంగిరి. మ్వాలిమును గౌరవముతో స్మరించువారు ఈ రెండవ పాఠమును గూడ మరువరాదు.