పిడికెడు బియ్యంతో లేచిన గుడి

పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఆమె చేటలో బియ్యం చెరిగి, ఎసట్లో పోయబోతూ ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసింది. ఇంట్లో తినే నోళ్లు ఆరు. ఆ పిడికెడు ఎవరి కంచంలో తగ్గుతుందో వేరే చెప్పాలా? ఆదివారం ఆ కుండ గుడికి పోతుంది.

ఆమె పేరు ఏ రిజిస్టరులోనూ వెతక్కండి. డోర్నకల్ చుట్టుపక్కల మాలపల్లెల్లో, మాదిగ గూడేల్లో అలాంటి కుండలు ఎన్నో. బియ్యం లేనినాడు జొన్నలే. కోత పండుగకైతే కోళ్లు, గుమ్మడికాయలు, కొత్త ధాన్యం కూడా వచ్చేవి.

ఈ పద్ధతిని అంత పట్టుదలగా నడిపించినాయన తెలుగువాడు కాదు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. నిజాం రాజ్యంలో, సింగరేణి బొగ్గు లైను విడిపోయే డోర్నకల్ జంక్షన్‌కు 1909లో కాపురం వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటేడు ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముఖం మీదే చెప్పారు: మీ త్యాగాలు సరే, మాకు కావలసింది స్నేహితులు అని. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్ అయ్యేనాటికి ఆయన వయసు 38. అప్పటికి 56 వేలున్న డోర్నకల్ డయాసిస్ విశ్వాసుల సంఖ్య ముప్పై ఏళ్లు తిరక్కుండానే 2 లక్షలు దాటింది.

సంఘం తన తిండిగింజల మీద తానే నిలబడాలి, సీమ డబ్బు మీద కాదు. అది అయ్యగారి మొండిపట్టు. అందుకే డోర్నకల్ కెథడ్రల్ కట్టడం ఏళ్లూ పూళ్లూ పట్టింది.

1939 జనవరి 6. ఎపిఫనీ పండుగ. ఆ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగే రోజు. తెల్లవారుజామున చలిలో ఎడ్లబండ్లు కట్టుకొచ్చినవాళ్లు, రైలు దిగినవాళ్లు, రాత్రంతా నడిచి పాదాలు పగిలినవాళ్లు. మన కుండ ఇల్లాలు కూడా ఆ గుంపులో ఉందనుకుందాం. ఎదురుగా మసీదు మీనార్ల లాంటి మీనార్లు, గుమ్మటాలు. లోపల దేవాలయ మండపంలో ఉన్నట్టే రాతిస్తంభాలు. సీమలోని సూదిమొన గోపురాన్ని దించుకొచ్చి ఇక్కడ నిలబెట్టడం అజరయ్యకు ఇష్టం లేదు.

ఆ స్తంభాల దగ్గర ఆమె అడుగు ఆగి ఉంటుంది. ఇలాంటి మండపాన్ని ఊళ్లో ఆమె చూసింది దూరం నుంచే. ధ్వజస్తంభం దాటి లోపలికి పోయే హక్కు ఆమె తాతముత్తాతలెవరికీ లేదు. ఇప్పుడు రాతిని అరచేత్తో తడిమింది. చల్లగా, గరుగ్గా ఉంది. ఎవరూ అదిలించలేదు. ఇది నా ఊహే. కానీ ఆ స్తంభాల మధ్య నిలబడ్డవాళ్లెవరికైనా ఈ ఊహ రాక తప్పదు.

2012 డిసెంబర్ 29కి డయాసిస్‌కు నూరేళ్లు నిండాయి. నన్నడిగితే ఆ లెక్క కలకత్తా నుంచి కాదు, మూలనున్న ఆ కుండ నుంచి మొదలుపెట్టాలి.

1945 కొత్త సంవత్సరం రోజున అజరయ్య కన్నుమూశారు. కెథడ్రల్ ఆవరణలోనే సమాధి చేశారు. అయిదు రోజులకు ఎపిఫనీ. గుడికి ఆరేళ్లు నిండిన రోజు. సమాధి మీద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. ఆ ప్రక్కగా కుండలు లోపలికి వెళ్లాయి.